ఎడమకి తిప్పితే కుడికెళ్ళిన బాతు బండి

ఆ రోజుల్లో వైజాగు ఒడ్డున మా జాలర్ల పేటలో ఉద్యోగమంటే అందరికీ అర్థమయ్యేవి నాలుగే రకాలు. పోర్టులో పని, స్టీలుప్లాంటులో పని, హార్బరులో పని, ఇవేవీ దొరక్కపోతే గల్ఫు. "మీ అమ్మాయి ఏటి సేత్తంది?" అని ఎవరైనా అడిగితే మా అమ్మ ఇసకలో ఏదో పారేసుకున్నట్టు కిందికి చూసి, "కంపూటర్లో రాత్తాది" అనేది. ఏం రాస్తానో చెప్పడం ఆవిడ వల్ల అయ్యేది కాదు. నా వల్లా అయ్యేది కాదు. ఇంకా మార్కెట్లోకి రాని వీడియో గేమ్‌లు వస్తే ఎలా ఉంటాయో ముందుగానే తెలుగులో రాసే ఒక వెబ్‌సైటులో నేను ట్రైనీని. ఒకసారి అమ్మని కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించాను. అంతా విని, "అంటే ఇంకా వల్లో పడని సేప రుసెలాగుంటాదో ముందే సెప్తావన్నమాట" అంది. (అప్పట్నుంచి ఇప్పటిదాకా ఇదే పని చేస్తున్నాను. నా వృత్తి గురించి ఇంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు.)

ఆ ఉద్యోగం నాకు ఓ చిన్న అబద్ధం మీద వచ్చింది. ఇంటర్వ్యూలో "గేమ్‌లు ఆడతావా అమ్మా?" అని అడిగితే "చిన్నప్పట్నుంచీ ఆడతాను సార్" అన్నాను. నేను ఆడిందల్లా బటన్ల ఫోనులో పాము ఆట, అదీ నాన్న ఫోనులో చార్జింగు మిగిలిన రోజున. అదృష్టమేమిటంటే అడిగిన ఎడిటర్ గారికి ఆటల గురించి నాకంటే తక్కువ తెలుసు. ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. వెబ్‌సైటు ఆయన మేనల్లుడిది, భాష చూసుకోమని మావయ్యని కూర్చోబెట్టాడు. రోజూ ఎలమంచిలి నుంచి పాసింజరులో వచ్చి, ద్వారకా నగర్‌లో మూడో అంతస్తుకి మెట్లెక్కి, చొక్కా జేబులోంచి ఎర్ర పెన్ను తీసేవారు. కంప్యూటరులో దిద్దడానికి ఎర్ర పెన్ను దేనికని ఎవరం అడగలేదు. అందరం ఆయన్ని మాస్టారనే పిలిచేవాళ్ళం. కింది అంతస్తులో కోచింగ్ సెంటరుండేది. వాళ్ళు మైకులో రసాయనశాస్త్రం చెబుతుంటే మేము పైన ఆటల గురించి రాసేవాళ్ళం. మూడు నెలల్లో నాకు ఆమ్లాలూ క్షారాలూ కంఠతా వచ్చేశాయి, ఆటలు మాత్రం రాలేదు.

ఆఫీసులో ఆటలు నిజంగా తెలిసినవాడు ఒక్కడే. వీడియోలు తీసే ఆయన, కూర్మన్నపాలెం నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవాడు. మగవాళ్ళందర్నీ "బావా" అని పిలుస్తాడు కాబట్టి ఆయనకి మేం పెట్టుకున్న పేరు కూడా బావే. (పెళ్ళికాని పిల్లనై ఉండీ, నోరు జారి నేను కూడా అలాగే పిలిచేదాన్ని. ఒకసారి ఫోనులో నేను "సరే బావా, ఉంటాను" అనడం మా అమ్మ విని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.)

మూడు నెలల ట్రైనింగు అయ్యాక ఉంచుతారో పంపుతారో చెప్తామన్నారు. అదే గడువు అమ్మ కూడా పెట్టింది. మా పిన్ని పనిచేసే రొయ్యల షెడ్డులో సూపర్‌వైజరు పని ఖాళీగా ఉంది. "మూణ్ణెల్లు నీ మాట ఇన్నాను. పెర్మనెంటు అయ్యావా సరే. అవనేదా, సోమారం పొద్దున్నే పిన్నితో బయల్దేరీయాల" అని తేల్చేసింది. రొయ్యల షెడ్డు చెడ్డ పనేమీ కాదు, మా పేటలో సగం ఇళ్ళలో పొయ్యి వెలిగేది దానివల్లే. కానీ నాకు రాయడం కావాలి. ప్రెస్‌నోటు చూసి రాసిన పది వాక్యాల కింద నా పేరు కనిపిస్తే చాలు, ఆర్టీసీ కాంప్లెక్స్ బస్‌స్టాపులో నిలబడి ఫోనులో అదే నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయేదాన్ని. అసలు ఆ మూడు నెలలూ నా ప్రివ్యూలన్నీ ప్రెస్‌నోట్ల పుణ్యమే. ఒక్క ఆటా ముట్టుకోకుండా "ఊపిరి బిగబట్టాల్సిందే" అని రాసేదాన్ని.

అలాంటి నా మీదికి ఆఖరి వారంలో అసలైన ఆట వచ్చి పడింది. కార్టు పందెం ఆట. నేలకి జానెడెత్తులో బుల్లి బుల్లి బండ్లు, వాటిని తోలేవి జంతువులు. పేరు చెప్పను. (కంపెనీవాళ్ళు మంచివాళ్ళు, ఇప్పటికీ మాకు ఆటలు పంపుతున్నారు.) విడుదలకి ఇంకా నాలుగు నెలలుండగా, హైదరాబాదు నుంచి వాళ్ళ మనిషి ఒకాయన ఆట ఎక్కించిన నల్లపెట్టె పట్టుకుని మా ఆఫీసుకే వచ్చాడు, ఒక్క మధ్యాహ్నం ఆడుకోనిచ్చి తీసుకెళ్ళిపోతానన్నాడు. మాస్టారు నన్ను పిలిచి, "ఇది నువ్వే రాయమ్మా. శుక్రవారంతో నీ ట్రైనింగు అయిపోతుంది కదా, దీన్నిబట్టే మావాడికి చెప్తాను" అన్నారు. రొయ్యల వాసన నాకు అక్కడే తగిలింది.

"స్టీరింగు లేదు, బటన్లు లేవు మేడమ్" అన్నాడు కంపెనీ ఆయన. (నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి ఆయనే, అందుకే ఈ కథలో ఆయన్ని ఏమీ అనను.) "ఈ కడ్డీని ఒంటి చేత్తో పట్టుకోండి. ఎటు ఊపితే బండి అటు పోతది. చిన్న పిల్లలు కూడా రెండు నిమిషాల్ల నేర్చుకుంటరు." కుర్చీలు పక్కకి జరిపాం. నీళ్ళలో తిరిగే ప్రాణి కదా అని నేను బాతుని ఎంచుకున్నాను. మూడు, రెండు, ఒకటి అంది టీవీ. బాతు బండి బయల్దేరింది, తిన్నగా ఉన్నంతసేపూ బాగానే వెళ్ళింది. సముద్రం ఒడ్డున రోడ్డు, పక్కనే మన పోర్టులోలాంటి క్రేన్లు, ఎండలో మెరిసే నీళ్ళు, నిజంగానే ఎంత బాగుందో! అప్పుడు ఎడమ మలుపు వచ్చింది. నేను ఎడమకి తిప్పాను. బాతు కుడికెళ్ళి క్రేనుకి గుద్దుకుంది. లేచి మళ్ళీ బయల్దేరింది. కుడి మలుపు, కుడికి తిప్పాను. బాతు ఎడమకెళ్ళి సముద్రంలో పడింది. అలా మూడు చుట్ల పందెంలో పదిహేడుసార్లు గుద్దాను, పదకొండుసార్లు మునిగాను. ఏనుగూ కోతీ పందెం ముగించేసి చప్పట్లు కొడుతుంటే నా బాతు మొదటి చుట్టులోనే ఈదుతోంది.

"కడ్డీ పాడైంది" అన్నాను. కంపెనీ ఆయన బ్యాటరీలు మార్చాడు. మళ్ళీ క్రేను. కడ్డీయే మార్చాడు. మళ్ళీ సముద్రం. "నిదానంగా ఆడండి మేడమ్" అన్నాడు. ఆలోచించి ఆలోచించి నిదానంగా తోలితే ఒకటి రెండు మలుపులు తిరిగేది, వేగం అందుకోగానే మళ్ళీ మామూలే. పక్కన బావ ఓ చేత్తో కెమెరా పట్టుకుని, ఇంకో చేత్తో కోతి బండి తోలి మూడుసార్లు ఫస్టు వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు నాదని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. చిన్నప్పట్నుంచీ ఆడుతున్నానని చెప్పిన మనిషిని కదా, అలా అనిపించడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం కూర్చుని రాశాను. రంగులు బాగున్నాయన్నాను, క్రేన్ల రోడ్డు మన వైజాగులా ఉందన్నాను, ఆ తర్వాత విజృంభించాను. "అయితే ఈ ఆటకి ఘోరమైన లోపం ఒకటి ఉంది. ఎడమకి తిప్పితే బండి కుడికి పోతుంది, కుడికి తిప్పితే ఎడమకి పోతుంది. విడుదలకి ఇంకా నాలుగు నెలల సమయం ఉంది కనుక తయారీదారులు ఈలోగా కళ్ళు తెరవాలి. లేనిచో తెలుగు క్రీడాకారులు క్షమించరు." మరి బావ మూడుసార్లు ఎలా గెలిచాడంటే, దానికీ ఓ వాక్యం పడేశాను. "అలవాటు పడినవారు ఈ లోపాన్ని తట్టుకోగలరు." మాస్టారు చదివి, "లేనిచో" తీసేసి "లేకపోతే" పెట్టి, రెండు కామాలు దిద్ది, భాష ధాటిగా ఉందని మెచ్చుకుని, మర్నాడు పొద్దున్నే పెట్టించేశారు. ఆ రోజే శుక్రవారం. బస్సులో నాలుగుసార్లు చదువుకున్నాను.

పదకొండింటికి, ఇంకా హైదరాబాదు రైలెక్కని కంపెనీ ఆయన నల్లపెట్టెతో సహా మెట్లెక్కి వచ్చాడు. కోపంగా లేడు, భయంగా ఉన్నాడు. "సార్, పై ఆఫీసుల పెద్ద గొడవైతున్నది. నిజంగనే బండి ఉల్టా పోతే నాకొకసారి చూపించండి, రాసుకొని పోత" అన్నాడు. మాస్టారు నా వైపు చూశారు. నేను ధీమాగా, "బావ వీడియో తీశాడు కదా సార్, అందులోనే చూపిస్తాను" అన్నాను. నా గోతిని నేనే ఎంత శ్రద్ధగా తవ్వుకున్నానో!

అందరం చేరి వీడియో చూశాం. టీవీలో ఎడమ మలుపు వస్తోంది. కుర్చీలో నేను. ఎడమ చెయ్యి కుర్చీ అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. కుడి చేతిలో కడ్డీ ముందుకి లేదు, నడుం పక్కన, కాస్త వెనక్కి ఉంది. మలుపు దగ్గరికి రాగానే నా భుజం ఎడమకి వాలింది, చెయ్యి మాత్రం కడ్డీని బలంగా కుడికి నెట్టింది. చెప్పిన మాట విని బాతు కుడికే వెళ్ళి క్రేనుని గుద్దింది. ఇంకో మలుపు. ఈసారి చెయ్యి ఎడమకి నెట్టింది, బాతు బుద్ధిగా ఎడమకెళ్ళి మునిగింది. అన్ని మలుపులూ అంతే. బావ వీడియో ఆపి, నన్నూ తెరనీ మార్చి మార్చి చూసి, "ఓలమ్మ! ఇది కారు తోలడమేటి? నువ్వు బోటు తోలతన్నావు కదే!" అన్నాడు. (ప్లాంటు క్వార్టర్లలో పెరిగినా బావ అమ్మమ్మది భీమిలి ఒడ్డు, బోట్లు తెలుసు.)

నా మొహం ఎలా మారిందో నాకు తెలీదుగానీ, మాస్టారు మంచినీళ్ళ సీసా నా ముందు పెట్టారు. బోటు మోటారు వెనక ఉంటుంది. తోలేవాడు దాని పక్కనే కూర్చుని పిడి పట్టుకుంటాడు. బోటు ఎడమకి తిరగాలంటే పిడిని కుడికి నెట్టాలి. అది ఆలోచించి చేసే పని కాదు, ఎడమ అనుకోగానే చెయ్యి దానంతటదే కుడికి పోతుంది. నా చేతికి పదేళ్ళ వయసు నుంచీ తెలిసిన తోలడం అదొక్కటే. కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పకూడనిది. ఆడది బోటు పిడి పట్టకూడదని మా పేటలో కట్టుబాటు, పట్టుకుంటే ఆ బోటుకి వేట పడదంటారు. ఆదివారాలు హార్బరు నుంచి ఖాళీ బోటుని పేట ఒడ్డుకి తెచ్చుకునేటప్పుడు నాన్న ఆ అరగంటా పిడి నాకిచ్చి, తను ముందు కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఒడ్డు దగ్గరపడగానే చోట్లు మార్చేసుకునేవాళ్ళం. ఈ రహస్యం అమ్మకి కూడా తెలియదు. ఎంత రహస్యంగా ఉంచామంటే, నాకు తోలడం వచ్చునన్న సంగతి నాకే గుర్తు లేదు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అన్నీ చెప్పేశాను. పాము ఆట గురించి చెప్పాను, ప్రెస్‌నోట్ల గురించి చెప్పాను, కారు కాదు కదా, సైకిలు కూడా తోలలేదని చెప్పాను. బోటు సంగతి దగ్గర మాత్రం, "మా నాన్న పేరు బయటికి రానివ్వకండి సార్" అన్నాను. మాస్టారు ఎర్ర పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశారు. కింద మైకులో ఎవరో తటస్థీకరణ చర్య గురించి చెబుతున్నారు.

అదిగో, సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర మా నాన్న ప్రత్యక్షమయ్యాడు. ఇవాళ పిల్ల ఉద్యోగం తేలే రోజని అమ్మ పంపిందట. పెద్దవాళ్ళ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకూడదని, ఆ ఉదయం వేటలో పడ్డ కోనాం చేపని పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకొచ్చాడు. దాన్ని తిన్నగా తీసుకెళ్ళి మాస్టారి బల్ల మీద పెట్టి దండం పెట్టాడు. మాస్టారు ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. పేపరు విప్పుకుని తోక బయటికి వచ్చింది. ఆయన కుర్చీతో సహా అడుగు వెనక్కి జరిగి, "కూర్చోండి నాయనా, కూర్చోండి" అన్నారు, చూపు మాత్రం తోక మీదే ఉంది.

కంపెనీ ఆయనకి ఏం తోచిందో, గబగబా పెట్టె విప్పి టీవీకి తగిలించి, కడ్డీ నాన్న చేతిలో పెట్టి, "పెద్దాయనా, ఒక్కసారి మీరు తోలండి. ఎటు ఊపితే అటు పోతది" అన్నాడు. నాన్న తెరని కాసేపు పరీక్షగా చూసి, "ఇది నీటి మీదా, నేల మీదా బాబూ?" అనడిగాడు. నేల మీదన్నారు. "నేల మీదయితే నాకేటి తెలుత్తాది" అంటూనే కూర్చున్నాడు. ఎడమ చెయ్యి కుర్చీ అంచు మీదికి వెళ్ళింది. కుడి చెయ్యి నడుం పక్కకి వెళ్ళింది. ఎడమ మలుపు వచ్చింది. భుజం ఎడమకి వాలింది, చెయ్యి కుడికి నెట్టింది. అదే క్రేను. ఊళ్ళో అన్ని క్రేన్లుండగా అదే! తర్వాత అదే సముద్రం. నాలుగో మునక తర్వాత నాన్న కడ్డీని గౌరవంగా బల్ల మీద పెట్టి, "బండి మంచిదే బాబూ. సుక్కాని తిరగేసి బిగించీసినారు. మీ మిస్త్రీకి సెప్పండి" అన్నాడు.

బావ కెమెరా పట్టుకున్న చేత్తోనే కడుపు పట్టుకున్నాడు. కంపెనీ ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. మాస్టారు నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. నాన్నకి ఏమీ అర్థం కాలేదు, నేను ఏడుస్తున్నానని మాత్రం అర్థమైంది. లేచి నిలబడి, "మా గుంట ఏదైనా తప్పు సేసినాదా బాబూ?" అన్నాడు. మాస్టారు సంగతంతా చెప్పారు. బోటు మాట వచ్చినప్పుడు నాన్న నా వైపు ఒక్కసారి చూశాడు. నేను తల దించేసుకున్నాను.

"నానే నేర్పినాను" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "మగపిల్లలు నేరు నాకు. ఉన్నా దీనికే నేర్పుదును. అలని సూసి పిడి తిప్పడం మా పేటలో దీనిలాగ ఎవులికీ రాదు. అది తప్పంటే ఆ తప్పు నాది. దాని ఉజ్జోగం తీయకండి."

అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నాన్న నన్ను మెచ్చుకోగా నేను వినలేదు. ఉద్యోగం పోయినా ఫరవాలేదనిపించింది ఆ క్షణంలో. (ఒక్క క్షణమే. ఆ వెంటనే రొయ్యలు గుర్తొచ్చాయి.) మాస్టారు, "అమ్మా, నువ్వు రాసినదాంట్లో నీకు కనిపించింది కనిపించినట్టే ఉంది. కానీ చూస్తున్న మనిషి ఎవరో నువ్వు చెప్పలేదు. కారు తెలిసిన మనిషివని చదివేవాడు అనుకున్నాడు. ఇప్పుడు కూర్చుని మళ్ళీ రాయి. సవరణంటూ కింద చిన్నక్షరాల్లో కాదు, అదే చోట, అంతే పెద్దగా. సాయంత్రం పాసింజరుకి నేను వెళ్ళేలోపు ఇవ్వు" అన్నారు. నేను నాన్న వైపు చూశాను. రాస్తే పేటంతా చదువుతుంది. నాన్న సంచి మడుచుకుంటూ, "రాసీ. తెలిత్తే తెలిసింది. మరి సేపలు పడకపోతే అప్పుడు సూద్దాం" అన్నాడు.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా రాశాను. "ఈ ఆటను చూసినది ఎన్నడూ కారు తోలని అమ్మాయి, తండ్రి బోటు మాత్రం తోలిన అమ్మాయి" అని మొదలుపెట్టాను. నిన్న చెప్పిన లోపం ఆటది కాదు, నా చేతిదన్నాను. చెయ్యి ఎటు చెబితే బండి అటు వెళ్ళిందనీ, చిటికెడు తేడా లేకుండా వెళ్ళిందనీ, కాబట్టి కార్లూ స్కూటర్లూ తోలేవాళ్ళకి ఇది నిమిషాల మీద వచ్చేస్తుందనీ, ఇంట్లో తాతయ్యలతో సహా కలిసి ఆడుకోవచ్చనీ రాశాను. మా నాన్న నాలుగుసార్లు మునిగిన వైనం కూడా రాశాను. బోటు తోలేవాళ్ళ కోసం తిరగేసిన స్టీరింగు ఒకటి అదనంగా పెడితే, ఒడ్డు పొడుగునా ఉన్న పేటలన్నీ ఈ ఆట కోసం ఎదురుచూస్తాయన్నాను. మాస్టారు రెండుసార్లు చదివారు. ఎర్ర పెన్ను జేబులోంచి బయటికి రాలేదు. "సోమవారం పదింటికి రా" అని మాత్రం అని, చేపని బావకి అప్పగించి, మెట్లు దిగిపోయారు. ఆ మాటకి అర్థం నాకు ఉద్యోగం ఇచ్చారని తెలుసుకోడానికి బావ నన్ను రెండుసార్లు కుదపాల్సి వచ్చింది.

ఇంటికెళ్ళి అమ్మ ముందు నేనూ నాన్నా దోషుల్లా నిలబడ్డాం. ఉద్యోగం సంగతి ముందు చెప్పి, బోటు సంగతి తర్వాత చెప్పాను. అమ్మ బియ్యం చెరగడం ఆపకుండానే, "నాకు తెలీదనుకున్నారేటి? పదేళ్ళ కాడ్నుంచి ఒడ్డు మీద నిలబడి సూత్తన్నాను. ఈయన పిడి పడితే బోటు వంకర్లు తిరుగుతాది. ఆదివారం మాత్రం గీత గీసినట్టు తిన్నగా వస్తాది" అంది. నాన్న బీడీ వెతుక్కుంటూ బయటికెళ్ళిపోయాడు. ఆ వారం వేట బాగానే పడింది. పేటలో ఇద్దరు ముగ్గురు ముసలాళ్ళు గొణిగారుగానీ, ఆ తర్వాతి ఆదివారం పక్కింటి ఆమె తన కూతుర్ని కూడా మా బోటెక్కించి పంపింది.

నాలుగు నెలలకి ఆట విడుదలైంది. సెట్టింగుల్లో చిట్టచివర, ఎవరూ చూడని చోట, స్టీరింగు తిరగేసుకునే వీలు ఒకటి ఉంది. అది మా మాట విని పెట్టారో, ముందే ఉందో నాకు తెలీదు. కంపెనీ ఆయన్ని అడగలేదు, అడిగితే ముందే ఉందంటాడేమోనని భయం.

ఇప్పుడు ఆ వెబ్‌సైటులో కొత్తగా వచ్చిన పిల్లల రాతలు దిద్దేది నేనే. మొన్న పాత ఫైళ్ళు సర్దుతుంటే గురువారం సాయంత్రం నేను రాసిన ఆ మొదటి ప్రివ్యూ కనిపించింది. తలుపు వేసుకుని చదువుకున్నాను. ఈ మధ్య నేను ఏది రాసినా వాక్యానికో "బహుశా", పేరాకో "అనిపిస్తోంది" తగిలించి, ఎవరూ తప్పుపట్టకుండా అన్ని వైపులా కంచె కట్టుకుంటాను. ఆ పిల్ల మాత్రం, పాము ఆట తప్ప ఏమీ ఎరగని పిల్ల, ఒక్క "బహుశా" లేకుండా, మొత్తం కంపెనీని కళ్ళు తెరవమని చెప్పి, ఎంత హాయిగా తప్పు రాసిందో! దిద్దడానికి నాకూ చెయ్యి రాలేదు. తుడిచేయకుండా అలాగే ఉంచేశాను.